బుడ్డబండి మీద ఒడిబియ్యం

లేదు, ఇల్లు విప్పింది నేను కాదు. ఎన్ని పెళ్లిళ్లలో, ఎన్ని పుట్టువెంట్రుకల దావతుల్లో చెప్పినా మా మామకు ఈ ముక్క ఎక్కదు. కొత్త చుట్టాలు ఎవరు కనిపించినా చాలు, "గీమెనే మా అక్క బిడ్డ. ఎల్లారెడ్డికొచ్చి మా ఇల్లు నట్టుకు నట్టు ఇప్పింది" అని నన్ను పరిచయం చేస్తాడు. నా పేరు కూడా చెప్పడు. అయ్యా, నేను విప్పలేదు, ఏరుకున్నాను. ఏరుకున్నది కూడా ఇంటిని కాదు, బండిని. ఆ బండి తలుపు దగ్గర కొంత, స్నానాల గదిలో కొంత, కోళ్ల దగ్గర కొంత కాపురం పెట్టి కూర్చుంటే అది నా తప్పెలా అవుతుంది? (ఇప్పుడే చెప్పకండి. మొత్తం విన్నాక చెప్పండి. మా ఇంట్లో వాళ్లకు లేనిదే ఆ ఓపిక.)

ఆ రోజుల్లో, అంటే చేతిలో ఫోనుంటే లోకం చేతిలో ఉన్నట్టే అని నేను నమ్మిన రోజుల్లో, నా కోపం కూడా ఫోనులాగే ఎప్పుడూ చేతిలోనే ఉండేది. డిగ్రీ అయిపోయింది. హైదరాబాదులో మొదటి ఉద్యోగం దొరికింది. ఫోనులో మండిపడే జనానికి చల్లగా జవాబు చెప్పడం నా పని. నన్ను ఆ పనికి ఎంచిన మహానుభావుడు ఎవరో ఇప్పటికీ తెలియదు. ఒకాయన నన్ను తిట్టాడు, నేను ఆయన కంటే బాగా తిట్టాను, సాయంత్రానికి ఇంట్లో ఉన్నాను. ఇంట్లో ఖాళీగా కూర్చుని గోడలతో, ఫ్యానుతో, పాలవాడితో గొడవ పెట్టుకుంటుంటే మా అమ్మ కొన్నాళ్లు చూసింది. తర్వాత ఒక బ్యాగు సర్ది, "జర అవ్వోళ్లింట్ల ఉండి రాపో, నెత్తి సల్లవడ్తది" అని ఎల్లారెడ్డి బస్సెక్కించింది. 2012 ఎండాకాలం. నెత్తి చల్లబడడానికి ఎల్లారెడ్డి ఎండల్లోకి పంపిన తల్లి మా అమ్మ ఒక్కతే అయి ఉంటుంది.

ఇప్పుడు తలుచుకుంటే ఆ ఎండాకాలమంతా ఒకే ఒక పొడుగాటి మధ్యాహ్నంలా అనిపిస్తుంది. పెంకుల సందుల్లోంచి వెలుతురు పుల్లల్లా దిగి, చాప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న అవ్వ (మా అమ్మమ్మే, ఇంట్లో అందరికీ అవ్వ) భుజం మీద పడేది. తాత అరుగు మీద కళ్లు మూసుకుని పేపరు చదివేవాడు. ఎక్కడో ఒక బర్రె మెల్లగా మెడ కదిపితే గంట ఒక్కసారి మోగేది, ఇక చాలన్నట్టు ఆగిపోయేది. ఫోనుకు మాత్రం సిగ్నల్ లేదు. దాని కోసం పెరట్లో కట్టెల మోపుల మీదెక్కి, చెయ్యి ఆకాశంలోకి చాపి నిలబడాలి. అలా నిలబడి ఉన్నప్పుడే ఒకరోజు నా కాలి పక్కన బీరపాదు కింద ఏదో ఇనుము తగిలింది. ఆకులు పక్కకు జరిపి చూస్తే ఒక చిన్న బండి మొండెం. సైకిల్ కంటే పొట్టిది, మోటార్ సైకిల్ పిల్లలాంటిది. చక్రాలు చపాతీలంత. దాని నడుము చుట్టూ తీగ అల్లుకుని, పసుపు పూలు పూసి, ఒక బీరకాయ హాయిగా వేలాడుతోంది.

ఊరికే ఒక ఫోటో తీసి, ఫోనులో పాత బండ్ల పిచ్చోళ్లు గుమిగూడే ఒక గుంపులో పెట్టాను. సాయంత్రం మళ్లీ కట్టెలెక్కేసరికి ముక్కూ ముఖం తెలియని మనుషులు నన్ను 'మేడమ్' అంటున్నారు. ఇది చాలా పాత మినీబైకు, ఇలాంటివి ఇప్పుడు కనిపించవు, మీరు అదృష్టవంతులు, దీన్ని అచ్చం మొదట్లో ఉన్నట్టే తయారు చేయండి, ఒక్క బోల్టు కూడా మార్చకండి అన్నారు. ఉద్యోగం పోయిన పిల్లను అదృష్టవంతురాలు అంటే ఏమవుతుంది? నేను కట్టెల మోపు దిగేటప్పటికి నా జీవిత లక్ష్యం ఖరారైపోయింది.

"తాతా, గా బీరపాదు కింద ఉన్న బండి ఎవరిది?"

తాత కళ్లు తెరవలేదు. "ఏ బండి?"

"పెరట్ల ఉన్నది గదా, బుడ్డది."

"గదా. గది నాదే." ఒక పేజీ తిప్పాడు. "గిప్పుడెందుకు?"

తాత పోచారం కాలువల మీద లస్కర్‌గా పనిచేశాడు. నీళ్లు ఎవరి పొలానికి ఎప్పుడు పోవాలో చూసుకుంటూ గట్ల మీద తిరిగే కొలువు. అక్కడ ఉన్న ఒక ఇంజనీరు సారు బదిలీ మీద వెళ్తూ తన ముద్దుల బండిని తాతకు అప్పజెప్పి పోయాడట. తాత ఆరడుగుల మనిషి. ఆ బండి ఎక్కితే మోకాళ్లు చెవులకు తగిలేవని అవ్వ చెప్పింది. కొన్నేళ్లు నడిచింది, తర్వాత ఆగింది, ఆగాక అందరూ దాన్ని మర్చిపోయారు. మర్చిపోయారంటే పారేశారని కాదు. మా ఇంట్లో ఏదీ పారేయరు. ఉద్యోగం పోయిన వస్తువుకు ఇంకో ఉద్యోగం ఇస్తారు. (మనుషులకే ఇవ్వలేదు.)

మొండెం దొరికింది సరే, మిగతా బండి ఏదని వెతకడం మొదలుపెడితే అప్పుడు తెలిసింది, నేను వచ్చిన రోజు నుంచీ ఆ బండిలోనే బతుకుతున్నానని. గాలికి వీధి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టిన నల్లటి బరువు, రోజూ నా కాలి వేలికి తగిలేది, అది ఇంజిను. కోళ్లు నీళ్లు తాగే వంకర తొట్టి, బోర్లా తిప్పి చూస్తే ముందు చక్రం మడ్‌గార్డు. స్నానాల గదిలో సబ్బు పెట్టుకునే గిన్నె హెడ్‌లైటు డిప్ప. పెరటి గేటుకు వేసే గొలుసు బండి చైను. గోడకు కొట్టి సంచులూ గొడుగులూ తగిలించేది హ్యాండిలు. మా మామ పొద్దున్నే అరుగు చివర రాయి మీద కూర్చుని గడ్డం గీసుకునేవాడు. ఆ రాయికి మెత్తగా అమర్చి ఉన్నది సీటు.

మొదట తొట్టి తీశాను. కోళ్లు నా వైపు చూసిన చూపు మా మామ నేర్చుకున్నాడేమో అనిపిస్తుంది, ఎందుకంటే సీటు తీసిన రోజు ఆయనా అలాగే చూశాడు.

"నేనేడ కూసోవాలె?"

"కుర్చీ ఉన్నది గదా మామా."

"కుర్చీల కూసుంటే అద్దం అందుతదా? అద్దం దించుతే మొఖం అందుతదా?"

"నిలవడి గీసుకో."

"ఇరవై ఏండ్ల సంది గా రాయి మీదనే గీసుకుంటున్న. నిలవడి గీసుకునుడు నాకు రాదు!"

అంత పెద్ద మనిషి అంత బాధగా అంటే నాకు నవ్వొచ్చింది. నేను నవ్వితే ఆయనకు కోపం వచ్చింది. ఆయన కోపానికి నాకూ కోపం వచ్చింది. అలా మేమిద్దరం బాగా కలిసిపోయాం. తర్వాత గొలుసు తీశాను, పక్కింటి బర్రె నేరుగా వంటింటి గడప దాకా వచ్చి అవ్వను పలకరించింది. ఇంజిను తీశాను, తలుపు గాలికి పొద్దంతా ధడేల్ ధడేల్‌మని కొట్టుకుంది. హెడ్‌లైటు తీశాను, సబ్బు మురికి కాలువలో కొట్టుకుపోయింది. మామ ఒంటి నిండా నురగతో "ఏదే నా సబ్బు" అని అరిచిన అరుపు నాగిరెడ్డిపేట దాకా వినిపించి ఉంటుంది.

తాత మాత్రం, నేను వేపచెట్టు నీడలో గోనె పరిచి, ఒక్కొక్క ముక్కను కిరసనాయిల్లో నానబెట్టి, తుప్పు గీకుతుంటే వచ్చి పక్కన కూర్చునేవాడు. "గది గట్ల గాదు" అనేవాడు. "మరెట్ల?" అంటే, "నాకేం యాదికున్నది" అని లేచిపోయేవాడు. కాసేపటికి మళ్లీ వచ్చి ఇంకో ముక్క చూసి "గదీ గట్ల గాదు" అనేవాడు. పళ్లు కొరుక్కునేదాన్ని. కానీ ఆ కిరసనాయిలు వాసన, రాలే వేపపూత, తుప్పు కింద నుంచి మెల్లగా బయటపడే తెల్లటి ఇనుము, వీటి మధ్య నాకు తెలియకుండానే పొద్దు గడిచిపోయేది. కొన్ని రోజులు కట్టెల మోపు ఎక్కడమే మర్చిపోయాను.

అన్నీ దొరికాయి, పెట్రోలు టాంకీ తప్ప. అది అవ్వ దగ్గర ఉంది. వంటింట్లో అటక కింద, సొరకాయంత టాంకీ. దాన్లో బూడిద కలిపి బీర విత్తులూ, సొర విత్తులూ పోసి మూత బిగించింది. చీమ దూరదు, ఎలుక కొరకదు, పెట్రోలు వాసనకు పురుగు పట్టదు. ఆ వాడకట్టులో అందరి పెరళ్లలోనూ ఆ టాంకీలోంచి వెళ్లిన విత్తులే పాకాయి.

"టాంకీ ఇయ్యవా అవ్వా?"

"ఇయ్య."

"ఎందుకియ్యవు?"

"నా ఇత్తులేడ పోసుకోవాలె? నీ ఫోన్లనా?"

"డబ్బా కొనిస్త."

అవ్వ చింతపండు పక్కన పెట్టింది. "గా బండి మంచిగైతే ఎవలెక్కుతరే?"

"నేను."

"ఇంకెవలు?"

"ఇంకెవరూ ఎక్కరాదు. ఒక్కటే సీటు."

అవ్వ నవ్వింది. మామూలు నవ్వు కాదు. "గప్పుడు మీ తాత గూడ గదే మాటన్నడు" అంది.

పెళ్లయిన కొత్తలో పుట్టింటి వాళ్లు అవ్వకు మొదటిసారి ఒడిబియ్యం పోశారట. మా వైపు ఆడబిడ్డను పుట్టింటికి పిలిచి, చీర పెట్టి, ఒడిలో పసుపు కలిపిన బియ్యం దోసిళ్లతో పోసి, ఎండుకొబ్బరి కుడుకలూ ఖర్జూరాలూ వేసి నడుముకు ముడివేసి పంపిస్తారు. ఒడి నిండా బియ్యంతో తిరిగి వస్తుంటే దారంతా జనం చూడాలి, ఫలానా ఇంటి ఆడబిడ్డ అనుకోవాలి. అవ్వ పుట్టిల్లు నాగిరెడ్డిపేట పక్కన చెరువు కింది పల్లె. తాత కొత్త బండి మీద వచ్చాడు. ఊరంతా బండి చుట్టూ మూగింది. అవ్వ ఒడి పట్టుకుని బయటికొచ్చి చూస్తే ఎక్కడానికి చోటు లేదు.

"నన్ను బస్సెక్కించిండు. ముంగట గాయిన బండి, ఎన్క నా బస్సు. కిటికీలకెల్లి సూస్కుంట వచ్చిన. కండక్టర్ అడుగుతుండు, గాయిన మీ ఆయిననా అమ్మా అని. నాకు నోరు రాలే."

"అయితే క్యారియర్ పెట్టియ్యమనకపోయినవా?"

"పెట్టియ్యమంటే పెట్టియ్యలే. బండి అందం పోతదన్నడు."

ఇక్కడే నేను నోరు మూసుకోవాల్సింది. నేను నోరు మూసుకునే రకమైతే ఎల్లారెడ్డిలో ఎందుకుంటాను? "అది నిజమే అవ్వా. గీ బండికి క్యారియర్ ఉండదు. గుంపుల అందరూ అంటున్నరు, ఒరిజినల్‌గనే ఉంచాలెనట" అన్నాను.

"ఒరిజినల్ అంటే ఏంది? నాకు జాగా లేకపోవుడేనా?"

ఈ ప్రశ్నను గుంపులో పెట్టాను. (ఒకాయన, మీ అవ్వగారికి స్కూటీ కొనివ్వండి అన్నాడు. ఆయనతో నాకు ఇప్పటికీ మాటల్లేవు.)

అవ్వ షరతు పెట్టింది. శ్రావణంలో తన తమ్ముడు ఒడిబియ్యం పోస్తానన్నాడు. తాత ఆ బండి మీద తనను పుట్టింటి నుంచి ఇంటికి తీసుకురావాలి. ఒప్పుకుంటే టాంకీ ఇస్తుంది, లేకపోతే మొండెం మీదికి మళ్లీ బీర తీగ పాకిస్తుంది. తాతకు చెబితే ఆయన పేపరును ముఖం మీదికి ఇంకాస్త ఎత్తుకున్నాడు. "నడుస్తే సూద్దాం" అన్న మాట మాత్రం బయటికొచ్చింది. అవ్వకు అది చాలు. పొద్దు గూకేలోపు వాడకట్టంతా చెప్పేసింది. తమ్ముడికి కబురు పంపింది. అది చాలక నన్ను కట్టెల మోపెక్కించి బాన్సువాడలో, పిట్లంలో ఉన్న చుట్టాలందరికీ ఫోన్లు చేయించింది. "ఈసారి బస్సుల రాను. రాకుంటే రాను గని బస్సుల మాత్రం రాను." నాకు అప్పుడు భయమేసింది. అప్పటిదాకా అది నా బండి. ఇప్పుడు బండి ఆగిపోతే, జీవితమంతా ఒకే ఒక్కటి అడిగిన మనిషి పది ఊళ్ల ముందు మళ్లీ బస్సు కిటికీ దగ్గర కూర్చోవాలి.

ఇంజిను బాగుచేయించాలంటే కామారెడ్డి వెళ్లాలి. బియ్యం సంచిలో వేసుకుని బస్సెక్కాను. కండక్టరు సంచిని కాలితో జరపబోయి ఆగాడు.

"ఏమున్నదమ్మా గిండ్ల?"

"ఇంజిను."

"బస్సుకున్నది సాలదా?"

బస్సంతా నవ్వింది. నేను కామారెడ్డి దాకా కిటికీలోంచి బయటికే చూశాను. స్టేషన్ దగ్గరి సందులో ఒక చాచా ఉన్నాడు. ఆయన తెరవని ఇంజిను లేదని ఆయనే చెప్పాడు. "బేటీ, నేను హెలికాప్టర్ ఇంజిన్ గూడ ఇప్పిన."

"మల్ల బిగించినవా చాచా?"

"ఇప్పిన అన్న. బిగించిన అన్ననా?"

మేమిద్దరం కలిసి ఆ ఇంజినును చాలాసార్లు విప్పాం. లోపల కందిరీగలు మట్టితో కట్టిన గూళ్లు బయటపడ్డాయి. నేను ఫోనులో వీడియో పెట్టి చూపించేదాన్ని. అది కొంచెం నడిచి ఆగి, గుండ్రంగా తిరుగుతూ ఉండేది. చాచా ఆ తిరిగే గుండ్రాన్నే శ్రద్ధగా చూసి, "గిది తిరుగుతుంది మంచిగ, మనదే తిరుగుతలేదు" అనేవాడు. ఆయన ఒకటంటే నేను ఒకటి, ఇద్దరం అరుచుకుని, ఇద్దరం చాయ్ తాగి, మళ్లీ మొదలుపెట్టేవాళ్లం. ఎవరు చేసింది పనిచేసిందో తెలియదు గానీ, ఒక వాన మబ్బు పట్టిన రోజు అది ఉన్నట్టుండి దగ్గి, నీలంగా ఒక పొగ వదిలి, టుక్కు టుక్కు టుక్కు అంది. సందులో వాళ్లంతా చేతిలో పని ఆపారు. చాచా నా వైపు చూశాడు. నేను చాచా వైపు చూశాను. ఇద్దరం ఒకేసారి "నేను చెప్పిన గదా!" అన్నాం.

ఇంటి దగ్గర అవ్వ విత్తులన్నీ చేటలో గుమ్మరించి, ఖాళీ టాంకీని రాగి బిందెలా చింతపండు పెట్టి తోమింది. నేను లోపల గులకరాళ్లు వేసి, నీళ్లు పోసి, భుజాలు పడిపోయేదాకా ఊపాను. బూడిద వచ్చింది, విత్తులొచ్చాయి, నీళ్లు తేటపడ్డాయి. ఇంట్లో తలుపులకు వేయగా మిగిలిన నీలం రంగే బండికీ వేశాం. దూరం నుంచి చూస్తే మా వీధి తలుపే రోడ్డెక్కుతున్నట్టు ఉండేది. ఇక వెనక సీటు. నేను ఒక రాత్రంతా నిద్రపోకుండా ఆలోచించి, గుంపు నుంచి బయటికొచ్చేసి, పొద్దున్నే వెల్డింగు షాపులో రెండు ఇనుప కడ్డీలు పెట్టించి, వాటి మీద వంటింట్లో అవ్వ కూర్చునే పీటనే బిగించాను. అవ్వ దాని మీద చెయ్యి వేసి చూసుకుంది. "గిది ఒరిజినలే" అంది.

అంతా బిగించాక బండి స్టార్టు కాలేదు. పొద్దుటి నుంచి నేను తన్నాను, తాత తన్నాడు, దారిన పోయేవాళ్లు తన్నారు. మామ నిలబడి గీసుకోవడం వల్ల గడ్డం మీద పడ్డ గాట్లతో బయటికొచ్చాడు. "గిది స్టార్టయితే నా మీసం తీస్త" అని, సబ్బు మీది కోపం, సీటు మీది కోపం, బర్రె మీది కోపం అన్నీ కలిపి కిక్కు రాడ్డు మీద ఒక్క తన్ను తన్నాడు. టుక్కు టుక్కు టుక్కు. మీసం సంగతి ఆయన తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు. మేమే ఎత్తుతుంటాం.

శ్రావణం వచ్చింది. వెళ్లేటప్పుడు అవ్వా, నేనూ, మామా బస్సులోనే వెళ్లాం. "పొయ్యేటిది ఎట్ల పోయినా పోవచ్చు. వచ్చేటిదే సూడాలె" అంది అవ్వ. తాత ఇస్త్రీ ధోవతి కట్టుకుని బండి మీద బయల్దేరాడు. మేము బస్సు దిగి అవ్వ పుట్టింటికి చేరి, కాళ్లు కడుక్కుని, చాయ్ తాగి, అవ్వ వాకిట్లోకీ లోపలికీ తిరుగుతుంటే, ఎప్పటికో పొలాల అవతల నుంచి టుక్కు టుక్కు వినిపించింది. అవ్వ వెంటనే లోపలికెళ్లి, ఏమీ విననట్టు చాప మీద కూర్చుంది. ముత్తైదువలు వరసగా వచ్చి దోసిళ్లతో బియ్యం పోశారు. పసుపు బియ్యం ఒడిలోకి జారే చప్పుడు, వానకు తడిసిన మట్టి వాసన, కొత్త చీర గరగర. నేను అన్నీ ఫోనులో తీశాను. అవ్వ బరువుగా లేచి, పీట మీద ఒక పక్కకు తిరిగి కూర్చుని, ఒక చేత్తో ఒడినీ ఇంకో చేత్తో తాత భుజాన్నీ పట్టుకుంది. ఊరంతా చూసింది. తాత మోకాళ్లు చెవులకు తగిలాయి.

నేనూ మామా వెనకాల ఆటోలో. పోచారం చెరువు నిండి ఉంది. మబ్బుల కింద నీళ్లు బూడిదరంగు పట్టుచీరలా మెరుస్తున్నాయి. నాట్లేసిన మళ్ల మీద కొంగలు లేచి మళ్లీ వాలుతున్నాయి. వాటన్నిటి మధ్యలో ఒక చిన్న నీలం బండి, దాని మీద ఒక పొడుగు మనిషి, ఒక బియ్యం బస్తా లాంటి మనిషి. కలలో కూడా బండి అంత మెల్లగా పోదు. నేను ఫోను చాపి తీస్తూనే ఉన్నాను. ఇంతలో టుక్కు టుక్కు కాస్తా టుక్... టుక్... అయింది. తర్వాత కొంగలే వినిపించాయి.

పెట్రోలు పైపు ఊడదీశాను. నానిపోయి, ఉబ్బి, పైపు నోట్లో బిరడాలా ఇరుక్కున్న ఒక సొర విత్తు. ఎన్ని గులకరాళ్లు, ఎన్ని నీళ్లు! లాగి పారేసి మళ్లీ తన్నాం. మామ కోపం తెచ్చుకుని తన్నాడు, నిజం కోపంతో కూడా తన్నాడు. లాభం లేదు.

"అవ్వా, దిగు. ఆటోలకు రా" అన్నాడు మామ.

"దిగ."

"సీకటైతది."

"ఒడితోని ఎక్కిన. నా గడప కాడనే దిగుత. నడిమిట్ల దిగితే ఒడి నడిమిట్లనే దించినట్టు."

"ఆటోల కూసుంటే దించినట్టెట్లయితది?"

"నీకేం ఎరుకరా, నీకెవలన్న పోసిండ్రా?"

తాత చెప్పులు విడిచి ఆటోలో పెట్టాడు. ధోవతి పైకి ఎగగట్టి హ్యాండిలు పట్టుకుని తోయడం మొదలుపెట్టాడు. మామ గొణుక్కుంటూ వెనక చెయ్యేశాడు. నేనూ చెయ్యేయబోతే చేతిలో ఫోను. ఎక్కడ పెట్టను? అవ్వ ఒడి వైపు చూపించింది. ఫోనును పసుపు బియ్యంలోకి దోపి, రెండు చేతులతో బండిని తోశాను. ఎల్లారెడ్డి వచ్చాక నా రెండు చేతులూ ఒకేసారి ఖాళీ కావడం అదే మొదటిసారేమో.

ఎల్లారెడ్డి దాకా తోయలేదు లెండి, అంత బలం మాకెక్కడిది? కొంచెం దూరం పోయాక ఎరువు బస్తాలు దింపి తిరిగొస్తున్న ఒక ట్రాక్టరు ఆగింది. ట్రాలీలో నలుగురు కూలీలు తప్ప సామాను లేదు. వాళ్లు దిగి "అవ్వా, దిగు, బండిని ఎత్తుతం" అన్నారు. అవ్వ వాళ్లకూ అదే జవాబు చెప్పింది. వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకుని, ఊపిరి బిగబట్టి, అవ్వతో సహా బండిని ట్రాలీలోకి ఎత్తారు. బియ్యం ఒక్క గింజ జారలేదు. బండి పడకుండా ఎవరో పట్టుకోవాలి. తాత ఎక్కి ముందు సీట్లో కూర్చుని హ్యాండిలు పట్టుకున్నాడు. ట్రాక్టరు కదిలింది. మేము ఆటోలో వెనకాలే వచ్చాం. మలుపు వచ్చినప్పుడల్లా ట్రాలీలో తాత హ్యాండిలు తిప్పుతున్నాడు. ఎదురుగా మేకలొస్తే బండికున్న, చేత్తో పిండే రబ్బరు హారన్ కొడుతున్నాడు. మామ తల పట్టుకున్నాడు. నేను నవ్వీ నవ్వీ, ఉన్నట్టుండి ఎందుకో నవ్వడం ఆపేశాను. ఎల్లారెడ్డిలోకి వచ్చేసరికి మునిమాపు. వాడకట్టంతా అరుగుల మీదికొచ్చింది. గడప ముందు ట్రాలీ ఆగాక, అవ్వ అందరినీ ఒకసారి చూసి, అప్పుడు దిగింది.

ఆ తర్వాత బండి మళ్లీ స్టార్టు కాలేదు. నాకు హైదరాబాదులో ఇంకో ఉద్యోగం దొరికింది, అందులో ఎవరినీ తిట్టకుండా చాలాకాలం ఉన్నాను. ఆ రోజు వీడియో మొత్తం తిరిగిందని పట్నం వచ్చాక చూశాను. బియ్యంలో దోపేటప్పుడు ఆపడం మర్చిపోయాను. బొమ్మ లేదు, అంతా పసుపు చీకటి. బియ్యం కదిలే చప్పుడు, ట్రాక్టరు రొద, మధ్యలో గొంతులు. ఇప్పటికీ ఎప్పుడైనా నాలోని ఆ కోపిష్టి పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తే దాన్ని పెట్టుకుని వింటాను. అవ్వ అంటుంది, "జర మెల్లగ తోలు." తాత అంటాడు, "నేనేడ తోల్తున్ననే, ట్రాక్టరోడు తోల్తుండు." కాసేపు బియ్యం చప్పుడు. తర్వాత అవ్వ, "నువ్వే తోల్తున్నవనుకో." ఇంకాసేపు చప్పుడు. తర్వాత ఒక హారను.

మా మామ మాత్రం ఆ బండి అసలు ఇల్లు చేరలేదు, చేర్చబడింది అంటాడు. ఆ హారను విన్నాక కూడా ఆ రోజు మా తాత అవ్వను బండి మీద ఇంటికి తీసుకురాలేదని అనే ధైర్యం మీలో ఎవరికైనా ఉందా?